రైలు దిగినవాడు బస్సెక్కుట యెక్కడ?

ఈ పత్రికలో నా పేర వచ్చు వ్యాసములు సాధారణముగా నారుమడిని గూర్చియో, కాండము తొలుచు పురుగును గూర్చియో, విత్తనశుద్ధిని గూర్చియో యుండును. ఈ మాసము మాత్రము రైలుస్టేషనును గూర్చి వ్రాయుచున్నాను. వ్యవసాయ ప్రదర్శకునకు స్టేషనుతో నేమి పని యని సభ్యులలో కొందరు నవ్వవచ్చును. పంట యెట్లు పండించవలెనో చెప్పుట నా యుద్యోగము, నిజమే. కాని నా మాట విని ఎకరమునకు అరబస్తా యూరియా తగ్గించి రైతు మిగిల్చుకొన్న సొమ్ము, అతడు పట్టణమునకు పోయి వచ్చుటలోనే కరగిపోవుట ఇరువది సంవత్సరములుగా కన్నులార చూచుచున్నాను. పైగా మన మండలపు స్టేషనును క్రొత్తగా కట్టుచున్నారు. దాని వాకిట మన సంఘమునకు స్థలము కలదు. ఆ స్థలము నేమి చేయవలె నను ప్రశ్న వచ్చు సర్వసభ్య సమావేశమునకు రానున్నది. కనుక ఇది మన యింటి సంగతియే.

ముందుగా నొక చిన్న సంగతి చెప్పెదను. గడచిన వేసవిలో ఒకనాటి రాత్రి విత్తనపు సంచితో నేనొక పట్టణమున రైలు దిగితిని. ఆ పట్టణము పేరు చెప్పను. అట్టివి మన ప్రాంతమున పెక్కులు కలవు. స్టేషను క్రొత్తది. నేల అద్దమువలె మెరయుచుండెను. దీపములు పట్టపగలువలె వెలుగుచుండెను. పైకెక్కుటకు కదలుమెట్లు, కూర్చుండుటకు ఇనుపకుర్చీలు. వాకిలి దాటి వెలుపలికి వచ్చినంతనే చీకటియు, గుంటలును, ఆటోవారి కేకలును. బస్టాండు అక్కడికి మైలుంబావు దూరము. నా వెనుకనే ఒక వృద్ధురాలు, పట్నమున కంటికి ఆపరేషను చేయించుకొని పచ్చని గుడ్డ కట్టుకొన్నది, పదేండ్ల మనుమని చేయి పట్టుకొని దిగినది. ఆటో యతడు నూటయేబది యడిగెను. ఆమె నా వంక తిరిగి యిట్లనినది:

“చూడు బిడ్డా, పట్నం నుంచి ఈడిదాంక రైలు టికెట్టు నలభై రూపాయలు. బస్సు దొరికితే ఈడికెల్లి మా ఊరిదాంక జీరో టికెట్టు. నడుమ ఈ మైలు దూరానికి నూటయాభై అంటున్నడు. ఈ మైలు ఎవలి రాజ్యంల ఉన్నది బిడ్డా?”

నాకు సమాధానము తోచలేదు. “రా అవ్వా, ఆటో నేను మాట్లాడుత” నని మాత్రమంటిని. మేము బస్టాండు చేరుసరికి వారి యూరి చివరి బస్సు పది నిమిషముల క్రిందటనే వెళ్లిపోయినది. రైలు పావుగంట ఆలస్యముగా వచ్చినది. బస్సునకు ఆ సంగతి తెలియదు. ఆమె తెల్లవారుదాక బల్లమీద కూర్చుండెను. మనుమడు ఆమె యొడిలో తల పెట్టి నిద్రించెను. నేనును విత్తనపు సంచికి చేరగిలబడి కూర్చుంటిని. దోమలు మాత్రము ముగ్గురిని సమానముగ చూచినవి.

ఆ యవ్వ యడిగిన ప్రశ్నను చాల దినములు మనస్సున నుంచుకొంటిని. విచారింపగా దానికి సమాధాన మిది: ఆ మైలు ఎవ్వరిదియు కాదు. రైలుబండియు, పట్టాలును, స్టేషను ప్రహరీ వరకు గల భూమియు కేంద్రప్రభుత్వమువి. బస్సును బస్టాండును రాష్ట్రమునకు చెందిన రోడ్డు రవాణా సంస్థవి. నడుమనున్న బాట పురపాలక సంఘముదో, రోడ్లు భవనముల శాఖదో. అన్నదమ్ములు వేరుపడిన యింట ఉమ్మడి గోడకు సున్నము వేయువాడు లేనట్లు, ఈ బాటను చూచువాడు లేడు. రైలు అధికారి తన టికెట్ల లెక్క చూచుకొనును. బస్సు అధికారి తన లెక్క చూచుకొనును. ఇద్దరి పుస్తకములలోను ఆ మైలు లేదు. అది ప్రయాణికుని లెక్కలో మాత్రమే యున్నది.

ఎల్లకాలము ఇట్లే యుండెనా యన్నచో, లేదు. మనలో చాలమందికి తెలియని సంగతి యొకటి కలదు. తెలంగాణమున నేడు తిరుగు ప్రభుత్వ బస్సులకు తల్లి రైలే. 1932 జూనులో నిజాము రాష్ట్ర రైల్వేవారు తమ సంస్థలోనే రోడ్డు రవాణా శాఖ నొకదానిని నెలకొల్పి, 27 బస్సులతోను 166 మంది యుద్యోగులతోను ఆరంభించిరి. రైలును బస్సును ఒకే యజమాని నడిపిన కాలమది. అదే సమయమున బ్రిటిషు ఇండియాలో కథ వేరుగా నుండెను. ప్రైవేటు మోటారు బస్సులు రైలుదారుల ప్రక్కనే నడచి రైలు రాబడిని తగ్గించుచున్నవని అచ్చటి రైల్వేలు మొరపెట్టుకొనగా, మిచెల్, కిర్క్‌నెస్ అను నిరువురు అధికారులు విచారణ జరిపి నివేదిక నిచ్చిరి. 1933లో సిమ్లాలో రైలు, రోడ్డు వ్యవహారములపై సమావేశము జరిగినది. 1939లో మోటారు వాహనముల చట్టము వచ్చినది. ఆ చర్చలలో బస్సు రైలునకు పోటీదారు. హైదరాబాదు రాష్ట్రమున మాత్రము ఇంటిబిడ్డ. 1950లో ఇచ్చటి రైల్వే కేంద్రమున కలసినది. 1951లో బస్సుల శాఖ రాష్ట్రప్రభుత్వము క్రిందికి వచ్చినది. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడినది. రాష్ట్ర విభజన పిమ్మట తెలంగాణమునకు వేరు సంస్థ వచ్చినది. తల్లియు బిడ్డయు విడిపోయి డెబ్బది యేండ్లు దాటినది. ఇరువురును బాగుగ పెరిగిరి గాని ఒకరినొకరు పలుకరించుకొనుట తగ్గినది.

ఈ మాట ఊరక యనుట లేదు. చర్లపల్లిని చూడుడు. సికిందరాబాదు, నాంపల్లి, కాచిగూడ స్టేషనులలో బండ్లు నిలుచుటకు చోటు చాలక, నగరమునకు తూర్పు అంచున, కాజీపేట మార్గమున నున్న చర్లపల్లిని సుమారు 413 కోట్ల రూపాయల వ్యయముతో పెద్ద టెర్మినలుగా కట్టిరి. 2025 జనవరి 6వ తేదీన ప్రధానమంత్రి దానిని ప్రారంభించెను. కట్టడము బాగున్నది, లిఫ్టులు, కదలుమెట్లు, విశ్రాంతి గదులు అన్నియు నమరినవి. సికిందరాబాదు చేరుటకు ముందు ఔటరులో బండి యాగి, ఊరు కనబడుచున్నను దిగలేక కూర్చుండు బాధ యెరిగినవా డెవ్వడును అట్టి స్టేషను వలదనడు. ఆ యేడాదియే సికిందరాబాదు స్టేషను పునర్నిర్మాణపు పనులకై కొన్ని బండ్లను చర్లపల్లికి మరలించిరి. చెన్నై బండి యొకటి, గోరఖ్‌పూరు బండి యొకటి అచ్చటనే నిలిచిపోవుట మొదలైనది.

అప్పుడు బయటపడినది లోపము. స్టేషను సిద్ధమైనది, స్టేషనునకు పోవు బాట సిద్ధము కాలేదు. పెద్దరోడ్డు విడిచి ఇరుకు దారులలో పోవలసివచ్చెను. రోడ్డు రవాణా సంస్థవారు బస్సులు వేసిరి. వేయలేదనుట న్యాయము కాదు. ఐనను తెల్లవారుజామున మూటలతో, పిల్లలతో దిగినవారు నగరములోనికి పోవుటకు ఆటోలకు, కారులకు చాల సొమ్ము పోయవలసి వచ్చుచున్నదని 2025లో పత్రికలు మరల మరల వ్రాసినవి. ముందు స్టేషను తెరచి, పిదప బాట వెడల్పు చేయుటను గూర్చియు, బస్సుల సంఖ్యను గూర్చియు ఆలోచించుట పని వరుస కాదని నా యభిప్రాయము. ఇంజనీర్లకు నేను చెప్పదగినవాడను కాను. కాని కాలువ త్రవ్వక ముందే చెరువు తూము ఎత్తినచో నీరు ఎవ్వరి చేనికి పోవునో రైతు కెవ్వరును చెప్పనక్కరలేదు.

పొరుగు రాష్ట్రమున దీనికి తలక్రిందులైన యుదాహరణ కలదు. చెన్నైలో కోయంబేడు బస్టాండు ఇరుకై, దక్షిణ జిల్లాల బస్సుల కొరకు ఊరికి వెలుపల కిలాంబాక్కమున సుమారు 88 ఎకరముల స్థలమున క్రొత్త బస్టాండు కట్టి 2023 డిసెంబరు 30న తెరచిరి. చెంగల్పట్టు పోవు లోకలు రైలుదారి దాని సమీపముననే పోవుచున్నది. కాని ఆనాటికి అచ్చట రైలు నిలుచు చోటు లేదు. ప్రయాణికులు వండలూరులోనో ఊరపాక్కములోనో దిగి మరల బస్టాండునకు రావలసివచ్చెను. బస్టాండు తెరచిన పిమ్మటనే అచ్చట రైలుస్టేషను పని కారంభమైనది. ఒకచోట రైలు ముందు వచ్చి బస్సు కొరకు ఎదురుచూచినది. ఒకచోట బస్సు ముందు వచ్చి రైలు కొరకు ఎదురుచూచినది. రెండుచోట్లను నడుమ నలిగినవాడు మూట మోయువాడే.

కలిపి కట్టుట అసాధ్యమా? కాదు. ఢిల్లీలో ఆనంద్ విహార్ కలదు. దూరప్రయాణపు రైలు టెర్మినలు, అంతర్రాష్ట్ర బస్టాండు, మెట్రో రైలు మూడును అచ్చట నడచిపోదగిన దూరమున నున్నవి. చర్లపల్లి తెరచుటకు ఒక్క దినము ముందు, 2025 జనవరి 5న, మీరట్టు వైపు పోవు నమో భారత్ వేగపు రైలునకు గూడ అచ్చటనే నేలక్రింద స్టేషను తెరచి, తక్కినవానితో కలియునట్లు చేసిరి. అంత దూరము పోనేల? వరంగల్లులో రైలుస్టేషనును బస్టాండును ఎదురెదురుగ నున్నవి. నిజామాబాదులోను రైలు దిగి నడచి బస్టాండు చేరవచ్చును. అట్లు కానిచోట సంగతి యెట్లుండునో విజయవాడకు పోయినవా రెరుగుదురు. అచ్చటి రైలు కూడలి పెద్దది. 1990లో తెరచిన పండిట్ నెహ్రూ బస్టాండును పెద్దది. రెండింటికిని నడుమ రెండు కిలోమీటర్ల లోపే దూరము. ఐనను నెత్తిన మిరపబస్తా యున్నవానికి ఆ రెండు కిలోమీటర్లు గుంటూరంత దూరముగ తోచును.

ఇప్పుడు దేశమంతట అమృత భారత స్టేషను పథకము క్రింద చిన్న స్టేషనులను గూడ బాగుచేయుచున్నారు. 2023లో ఆరంభమైన యీ పథకమున పదమూడు వందలకు పైగా స్టేషనులు చేరినవి. 2025 మే 22న వానిలో 103 స్టేషనులు ఒకేసారి ప్రారంభమైనవి. మన రాష్ట్రమున బేగంపేట, కరీంనగరు, వరంగల్లు వానిలోనివి. రైలును ఇతర ప్రయాణ సాధనములతో కలుపుట యీ పథకపు ఉద్దేశములలో నొకటి యని ప్రభుత్వమే ప్రకటించినది. కాగితముమీదిది నేలమీదికి వచ్చుట ఆయా యూరివారి పట్టుదలపై నాధారపడును. తోరణమును, రంగుదీపములను అడుగకయే కట్టుదురు. అవి ప్రారంభోత్సవపు ఛాయాపటమున బాగుగ పడును. బస్సు నిలుచు చోటు ఛాయాపటమున పడదు. దానిని మనమే యడుగవలెను, సిమెంటు పోయక ముందే యడుగవలెను. నాట్లు వేసిన పిదప దమ్ము చేయుమన్నచో వినువా డెవ్వడు?

ఇచ్చట ఒక మాట. బస్సును రైలును ఒక చూరు క్రిందికి చేర్చినంతనే పని తీరినదని నేననుకొనను. నేను చిన్నతనమున చదివిన మిషను పాఠశాలలో ఒకే గంట యుండెడిది. ఆ గంటకే బడి విడుచువారు, ఆ గంటకే అన్నము వడ్డించువారు. ఒకసారి క్రొత్త వంటవాడు తన చేతిగడియారమునే నమ్ముకొనెను. ఆ వారమంతయు మాకు చల్లారిన యన్నమే దొరకినది. ఆ యవ్వకు బస్సు తప్పుటకు కారణము దూర మొక్కటియే కాదు, గడియారములు రెండగుటయు కారణమే. బస్టాండు స్టేషను ప్రక్కనే యున్నను, పావుగంట ఆలస్యముగ వచ్చు రైలు కొరకు చివరి బస్సు నిలువనిచో ఆమె ఆ రాత్రి బల్లమీదనే కూర్చుండవలసినదే. ఇది పూర్వము కష్టమైన పని. రైలు ఎచ్చట నున్నదో బస్సువారికి తెలియుట యెట్లు? నేడు ఆ సాకు లేదు. ఏ బండి ఎచ్చట నున్నదో కండక్టరు జేబులోని ఫోనే చెప్పును. రాత్రి చివరి బస్సు రైలు కొరకు ఇరువది నిమిషములు ఆగవలెనను నియమ మొక్కటి పెట్టినచో చాలును. దానికి 413 కోట్లు అక్కరలేదు.

ఇక మన స్థలము సంగతి. పాత యెరువుల గిడ్డంగి యున్న ఆ స్థలము ఇరువది గుంటలు. గోడలు బీటలువారి, కప్పు కూలి, పదేండ్లుగా తుమ్మచెట్లు తప్ప దానిలో నేమియు పెరుగలేదు. మొన్న నేనును గుమాస్తాయును గొలుసు పట్టి కొలిచితిమి. రోడ్డు వైపు ముఖము రెండున్నర గొలుసులు, అనగా 165 అడుగులు. లోతు రెండు గొలుసులు, అనగా 132 అడుగులు. స్టేషను క్రొత్త వాకిలి సరిగా దాని కెదురుగ వచ్చుచున్నది. ఈ స్థలమున రోడ్డు వెంబడి ఆరు మడిగెలు కట్టి అద్దె కిత్తమని పాలకవర్గమున కొందరు పెద్దలు ప్రతిపాదించిరి. వారు సంఘము మేలు కోరియే యట్లనిరి. అందు సందేహము లేదు. మడిగెకు మూడువేల చొప్పున నెలకు పదునెనిమిదివేలు వచ్చును. వసూలు కాని యప్పుల బాధ యెరిగిన సంఘమునకు అది చిన్న సొమ్ము కాదు.

నా ప్రతిపాదన వేరు. రోడ్డు వైపు ఎనుబది యడుగుల లోతు వరకు స్థలమును బస్సుల కొరకు విడుతము. ఒక వైపు వచ్చి ఒక వైపు పోవునట్లు రెండు ద్వారములు, నడుమ ఒక రేకుల చపటా, ఒక దీపము, ఒక నీళ్లతొట్టి. బస్సు వెనుకకు నడపకయే తిరిగిపోవుటకు ఆ మాత్రము చోటు సరిపోవును. వెనుక మిగిలిన ఏబదిరెండు అడుగుల లోతులో నాలుగు మడిగెలను, చిన్న గిడ్డంగి నొకదానిని కట్టవచ్చును. అద్దె నెలకు పన్నెండువేలు వచ్చును. సంఘము విడుచుకొనునది నెలకు ఆరువేలు. బస్సు దిగినవారును రైలు దిగినవారును కలసి నిలుచు చోట టీ కొట్టునకు అంతకన్న ఎక్కువ యద్దె వచ్చునని నేను నమ్ముదును గాని, నమ్మకమును లెక్కలో వేయుట నాకు అలవాటు లేదు. ఆరువేలు నష్టమనియే యనుకొందము.

ఇప్పుడు రెండవ పుస్తకము తెరువుడు. స్టేషనునుండి ప్రస్తుతపు బస్టాండునకు పోవుటకు షేరాటోలో మనిషికి ఇరువది రూపాయలు. రానుబోను నలువది. ఒక కుటుంబమున నెలకు రెండు పర్యాయములు ఒక్కరు రైలు ప్రయాణము చేసిరనుకొనుడు, ఎనుబది రూపాయలు. అట్టి కుటుంబములు ఐదువందలున్నవనుకొనుడు, నెలకు నలువదివేలు. నా లెక్క సగము తప్పైనను ఇరువదివేలు. అది మన సభ్యుల జేబులనుండి పోవుచున్న సొమ్మే. కాని ఆరువేలు సంఘము చిట్టాలో ఒకచోట కనబడును. నలువదివేలు ఐదువందల యిండ్లలో పదులు, ఇరువదులుగా చెదరి కనబడకుండ పోవును. గుమాస్తా లెక్కకు అందని లాభమును గూడ లాభమని యెంచుటకే మనము సంఘము పెట్టుకొన్నాము. లేనిచో మనకును అద్దెలు వసూలు చేసికొను షావుకారునకును భేదమేమి?

స్త్రీల సంగతి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. 2023 డిసెంబరు 9వ తేదీనుండి మన రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితమైనది. కూరగాయల గంపతో అంగడికి పోవు స్త్రీలకు అది యెంత మేలు చేసినదో మన యూళ్లలో అందరు నెరుగుదురు. కాని ఆ మేలు బస్టాండు గేటువద్ద ఆగిపోవుచున్నది. బస్సులో ముప్పది కిలోమీటర్లు సొమ్ము లేకుండ వచ్చిన స్త్రీ, రైలెక్కుటకు కిలోమీటరు దూరమునకు ఇరువది రూపాయలు పెట్టవలెను. గంప యున్నచో నలువది. బస్సే స్టేషను వాకిటికి వచ్చినచో ఆ యుచితము సంపూర్ణమగును. ప్రభుత్వమున కొక్క రూపాయి యదనముగ కాదు.

ఆక్షేపణలు కలవు. మొదటిది, స్థలము ఒకసారి విడిచినచో మరల రాదని. ఇది న్యాయమైన భయము. సంఘముల భూములు ఎట్లు పోయినవో నేను జిల్లాలో చాలచోట్ల చూచితిని. అందువలన స్థలమును అమ్మరాదు, దానమియ్యరాదు. సంవత్సరములు నిర్ణయించి కౌలునకు మాత్రమే యియ్యవలెను. దినమునకు ఎన్ని బస్సులు రావలెనో, ఏ రైళ్ల వేళలకు రావలెనో కౌలుపత్రముననే వ్రాయించుకొనవలెను. ఆరు నెలలు వరుసగా బస్సులు రానిచో స్థలము తిరిగి సంఘము స్వాధీన మగునని గూడ వ్రాయించవలెను. సర్వసభ్య సమావేశపు తీర్మానమును, సహకార శాఖవారి యనుమతియు లేక ఎవ్వరును సంతకము పెట్టరాదు. వట్టి మాటమీద స్థలము విడువుమని నేను చెప్పుట లేదు; అట్లైనచో నాకంటె ముందు మీరే కాదనుడు.

రెండవది, రవాణా సంస్థవారు ఒప్పుకొందురా యని. బస్సు స్టేషను వరకు వచ్చి పోవుటకు అదనపు దూరము, అదనపు డీజిలు. వారికి కావలసినది ఎక్కు మనుషులు. ప్యాసెంజరు బండి వచ్చు వేళకు స్టేషను ముందర ఒక వారము నిలిచి, దిగినవారిలో ఎంతమంది ఏ యూరికి పోవుదురో అడిగి వ్రాసికొన్న పట్టిక నొకదానిని డిపో మేనేజరు ముందు పెట్టినచో వట్టి విజ్ఞాపనకన్న అది బాగుగ పనిచేయును. మన సభ్యుల బిడ్డలలో డిగ్రీ చదివి ఉద్యోగమునకై ఎదురుచూచుచున్నవారు పలువురు కలరు. ఈ పట్టిక వారు వ్రాసిన బాగుండును. నేను గూడ రెండు దినములు వారితో నిలిచెదను.

మూడవది మనస్సునకు కష్టమైనది. షేరాటోలు నడుపువారు ఎవ్వరు? మన పిల్లలే. రెండెకరముల చేను చాలక ఆటో కొన్నవారే. వారి గిరాకి తగ్గును. తగ్గదని చెప్పుట అసత్యము. కాని స్టేషను, బస్టాండుల నడుమ తిరుగుట పోయినను, బస్సు పోని గూడెములకు, తండాలకు స్టేషను వాకిటనుండియే మనుషులుందురు. మన స్థలమున ఒక మూల పది యాటోలకు చోటు గీసి యిచ్చి, ఆటో సంఘమువారిని ముందుగనే పిలిచి మాటాడవలెను. తీర్మాన మైన పిదప పిలిచినచో వారు తగవుకు వత్తురు. అది వారి తప్పు కాదు.

ఇంకొక చిన్న లాభము. బస్సులలో పార్సిళ్లు పంపు పద్ధతి వచ్చినది గదా. వెనుక గిడ్డంగి గది యొకటి యుండినచో, రైలులో వచ్చిన విత్తనపు పార్సిలు అచ్చటనే దించి బస్సుమీద ఊళ్లకు పంపవచ్చును. నేను సంచిని మోయు బాధ తప్పును గనుక ఇందులో నా స్వార్థము లేకపోలేదు.

స్థలపు పటము నొకదానిని నేను గీసి సంఘ కార్యాలయమున బీరువా ప్రక్క గోడకు అంటించితిని. నీలిరంగు గీత బస్సు దారి, ఎర్రగీత మడిగెలు, వేపచెట్టును కొట్టవలసిన పని లేకుండ చపటాను ఎడమకు జరిపితిని. ఆరు మడిగెల ప్రతిపాదన పటమును గూడ దాని ప్రక్కనే అంటించుమని ప్రెసిడెంటుగారిని కోరితిని, వారు ఒప్పుకొనిరి. సమావేశమునకు ముందు వీలుచూచుకొని రెండు పటములను చూచి పోవుడు. కొలతలలో తప్పున్నచో గుమాస్తాకు చెప్పుడు; దిద్దెదను. సమావేశమునాడు మీ యింటి స్త్రీలను గూడ, వారు సభ్యులైనచో, తప్పక తోడ్కొని రండు. ఓటు వారికిని కలదు. స్టేషనునుండి బస్టాండునకు గంప మోసినవారు ఎక్కువగ వారే.